సాలగ్రామ పరీక్ష

పంచాయతనపూజ చేయు ఇండ్లలో దేవతార్చనపు పెట్టె తెఱచినచో ఐదు శిలలు కనబడును. విష్ణువునకు గండకీనది సాలగ్రామము, శివునకు నర్మదానది బాణలింగము, వినాయకునకు శోణానది ఎఱ్ఱఱాయి, సూర్యునకు తంజావూరు చెంతనున్న వల్లము స్ఫటికము, అమ్మవారికి స్వర్ణముఖీనది బంగారుగీత ఱాయి. ఈ ఐదింటిలో స్వర్ణముఖి శిల మన సీమ పెద్దలకు ఇరుగుపొరుగు వస్తువు. ఆ యేరు చంద్రగిరి ప్రాంతమున పుట్టి తిరుపతి, శ్రీకాళహస్తుల మీదుగా పాఱునదే కదా. తక్కిన నాలుగును దూరమునుండి రావలసినవే. వానిలో సాలగ్రామమునకు మఱి దేనికిని లేని విశేష మొకటి కలదు. అది యొకప్పుడు ప్రాణముతో తిరిగిన జీవి కట్టుకొన్న ఇల్లు. కాణిపాకము పరిసరములనుండి పలువురు పెద్దలు తమ యింటి సాలగ్రామమును చూపి, లేదా క్రొత్తగా కొనబోవు దానిని గూర్చి చెప్పి, ఇది అసలుదేనా అని నన్నడుగుచుందురు. దాని నెట్లు గుర్తింపవచ్చునో నేడు మీతో ముచ్చటించెదను.

పూర్వము సాలగ్రామమునకు వెల లేదు. వెల కట్టుటయే దోషమని పెద్దలు చెప్పిరి. తండ్రినుండి కొడుకునకు రావలెను, గురువు శిష్యున కీయవలెను, లేదా ముక్తినాథమునకు యాత్రపోయి తానే తెచ్చుకొనవలెను. ఇప్పుడట్లు కాదు. క్షేత్రముల వీధులలో బల్లలమీద రాశిపోసి యమ్ముచున్నారు; ఇల్లు కదలకుండ తపాలా మూలమున తెప్పించుకొనువారును కలరు. వెల యెక్కడికి వచ్చునో నకిలీ యక్కడికి వచ్చును. పైగా ఈ సరకులో నొక చిక్కున్నది. చక్రములెన్ని, ద్వార మెట్లున్నది, వనమాలవంటి రేఖ కలదా లేదా యను లక్షణములను బట్టి లక్ష్మీనారాయణము, సుదర్శనము, దామోదరము, నారసింహము మొదలగు నామములు వచ్చును. నామమును బట్టి అంగడిలో వెల మాఱును. కాబట్టి చక్రము లేని ఱాతికి చక్రము చెక్కుటయు, ఒకటి యున్నదానికి రెండవది చేర్చుటయు లాభసాటి పనులైనవి.

అసలు వస్తువేదో తెలిసికొననిదే నకిలీ తెలియదు. సుమారు 15 కోట్ల యేండ్ల క్రిందట హిమాలయము లేదు. ఆ చోట టెథిస్ అను పేరుగల సముద్రముండెను. అందు అమ్మోనైటు లను జీవులు ఈదుచుండెను. చూపునకు నత్తవలె నుండును గాని నత్తలు కావు. నోటిచుట్టు చేతులవంటి అవయవములు గల మఱియొక జాతి. చుట్టగా తిరిగిన గుల్లలో గది వెనుక గది కట్టుకొని, చివరి గదిలో కాపురముండెడివి. దేహము పెరిగినకొలది ముందునకు జరిగి, వెనుక నొక గోడ కట్టి, ఖాళీయైన గదిని ఈదుటకు తెప్పవలె వాడుకొనెడివి. చచ్చిన పిమ్మట గుల్ల సముద్రపు టడుగున నల్లని మెత్తని బురదలో కూరుకొనిపోయెను. దాని చుట్టును బురద గట్టిపడి ఉండ కట్టెను. తరువాత భారతభూమి ఉత్తరమునకు జరిగి ఆసియాను నెట్టగా, ఆ సముద్రపు టడుగే పర్వతమై లేచెను. ముక్తినాథ క్షేత్రము నేడు సముద్రమట్టమునకు 3,700 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. కాళీగండకి ఆ నల్లని పొరలను కోసి, ఉండలను వెలికి దీసి, దొర్లించి నునుపుచేసి, తన ఇసుకలో వదలును. ఆ యుండయే సాలగ్రామము. అందలి గుల్ల ముద్రయే చక్రము.

ఈ మాట విన్నంతనే, దేవుని ఱాతిని పురుగుగుల్ల యందురా యని నొచ్చుకొనవలసిన పని లేదు. వజ్రకీట మను జీవి శిలలో చేరి చక్రములను చేసినదని మన పురాణసంప్రదాయమే చెప్పుచున్నది. ఐరోపావారిలో సొనెరా యను ఫ్రెంచి యాత్రికుడు 1782లో అచ్చువేయించిన తన గ్రంథమున, సాలగ్రామము శిలగా మాఱిన సముద్రజీవి గుల్ల యని వ్రాసెను. జీవికిని శిలకును గల సంబంధమును మనవారు అంతకు ఎంతయో ముందే పట్టుకొనిరి. కాలమెంత గడచినదో మాత్రము ఇటీవలి శాస్త్రము లెక్క కట్టినది. పూజించుట పూజించువాని విశ్వాసమునకు చెందిన సంగతి. ఱాయి గండకిదా కాదా యనునది కన్నులతోను త్రాసుతోను తేల్చవలసిన సంగతి. రెంటిని కలుపక, నేను రెండవదానికే పరిమితమయ్యెదను.

మొదటి పరీక్ష ఱాతిమీద కాదు, అది యే చోటిదని చెప్పుచున్నారో ఆ మాటమీద చేయవలెను. కాణిపాకమునకు పోవు దారిలో నొక బల్లమీద నల్లని సాలగ్రామములను చూచి, ఎచ్చటివని యడిగితిని. "ఇచ్చటివే స్వామీ, బాహుదలో దొరికినవి" అని యమ్మువాడు చెప్పెను. పాపము, వాడు దూరదేశపు పేరు చెప్పుకొన్నను కొంత నమ్మియుందును. ఈ మాటతో పరీక్ష ముగిసినది. ఏలయన కాణిపాకము చుట్టునున్న గుట్టలు, పొలములలో తేలియున్న బండలు, బాహుద ఇసుకకు మూలమైన ఱాళ్లు గ్రానైటు, నైసు జాతులవి. అవి 250 కోట్ల యేండ్లకు పైబడినవి. గుల్ల గల జంతువులు భూమిమీద కనబడినది సుమారు 54 కోట్ల యేండ్ల క్రిందట. బాహుద బండలలో గుల్లను వెదకుట తాత పెండ్లిపందిరిలో మనుమని చెప్పులు వెదకుటవంటిది.

తిరుమల కొండల ఱాయి యింతకన్న చిన్నది; అయినను జంతువుల కాలమునకు ఎంతయో ముందుది. కడప జిల్లాలోని వేంపల్లె సున్నపుఱాతిలో పొరలు పొరలుగా గుమ్మటములవంటి గుఱుతులు కలవు. అవి కంటి కానని నాచుజీవుల పని, గుల్లలు కావు. సత్యవేడు వైపున ఇసుకఱాళ్లలో పాతకాలపు ఆకుల ముద్రలు దొరకును. అమ్మోనైటులు సమృద్ధిగా కావలెనన్నచో మనకు దక్షిణమున అరియలూరు, తిరుచిరాపల్లి, పుదుచ్చేరి ప్రాంతములకు పోవలెను. అచ్చటివి గండకివాని కన్న తరువాతి కాలమువి. అవి సామాన్యముగా పసుపు, గోధుమ, బూడిద వన్నెల సున్నపుఱాతిలో నుండును, నల్లని ఉండలలో నుండవు. వీనిని ఎవరైన సాలగ్రామమని యమ్మినచో, వస్తువు నిజమైన శిలాజమే గాని గండకి శిల కాదు. మొరాకో, మడగాస్కరు దేశములనుండి వచ్చు అమ్మోనైటులును ఇట్టివే. నడుమకు కోసి అద్దమువలె మెఱుగుపెట్టి యుందురు. నకిలీ యనగా ఒక్క విధము గాదని దీనివలన తెలియుచున్నది. వస్తువు నిజమై యూరు అబద్ధము కావచ్చును. ఊరు నిజమై చక్రము అబద్ధము కావచ్చును. రెండును అబద్ధములు కావచ్చును.

పుదుచ్చేరి మాట వచ్చినది గనుక ఇంకొక వస్తువును గూర్చి చెప్పెదను. అచ్చటి పొరలలో అమ్మోనైటులతో పాటు సొరచేప పండ్లును దొరకును. కే, కన్‌లిఫ్ అను ఇరువురు దొరలు పుదుచ్చేరి చెంత సేకరించి పంపిన చేపల శిలాజములను ఎగర్టన్ అను పండితుడు 1845లో వర్ణించెను. వానిలో సొర పండ్లున్నవి. ఐరోపాలో ఇట్టి పండ్లను చాలకాలము శిలగా మాఱిన నాలుక లనుకొనిరి. మాల్టా ద్వీపములో పాము నాలుక లనుకొని విషమునకు విఱుగుడుగా ధరించిరి. 1666లో లివోర్నో రేవు చెంత ఒక పెద్ద సొర పట్టుబడగా, దాని తలను ఫ్లారెన్సు నగరములో స్టెనో యను వైద్యుడు కోసి చూచి, ఱాతినాలుకలకును ఆ పండ్లకును భేదము లేదని మఱుసటి యేట ప్రకటించెను. ఆయన చేసిన పనియే నేటికిని శిలాజపరీక్షకు మూలము: శిలను బ్రదికియున్న జీవితో పోల్చుట. నిజమైన సొరపన్నునకు పైభాగము పింగాణివలె మెఱయును. మొదలు మెఱుగులేక సన్నని రంధ్రములతో ఎముకవలె నుండును. అచ్చుపోసినదానికి పైనను క్రిందను ఒకే మెఱుగు. ఒక పన్ను పైభాగమును మఱియొకదాని మొదలునకు జిగురుతో అతికించి యమ్ముట కూడ కలదు; అప్పుడు రెండును కలియు చోట చూచినచో బండారము బయటపడును.

ఇట్టి మోసము మనదేశములోనే పుట్టినదని సిగ్గుపడనక్కఱలేదు. ఇంగ్లండులో విట్బీ యను సముద్రతీరపు టూర అమ్మోనైటులు విస్తారముగా దొరకును. అచ్చట 7వ శతాబ్దమున హిల్డా యను సాధ్వి మఠము స్థాపించెను. ఆమె పాములను శిలలుగా మార్చెనని జనులు చెప్పుకొనిరి. మఱి ఈ పాములకు తలలేవి? ఆ ప్రశ్నకు సమాధానముగా అంగడివారు ప్రతి యమ్మోనైటు చివర చక్కని పాముతల చెక్కి యాత్రికుల కమ్మిరి. చెక్కిన తలలు నేటికిని ప్రదర్శనశాలలలో నున్నవి. గుల్ల నిజము, తల కల్ల. మన బల్లలమీద చక్రములు చేర్చువాడు ఆ తలలు చెక్కినవానికి తమ్ముడే.

ఇక ఱాతిని చేతిలోనికి తీసికొందము. పగటి వెలుతురులో, ప్రక్కనుండి వెలుగు పడునట్లు పట్టుకొని, ఒక భూతద్దముతో చూడవలెను. బడిపిల్లల యొద్దనుండు భూతద్దము చాలును. మొదట చక్రమును విడిచి, చక్రము లేని చోట ఱాతి నూలును చూడుడు. గండకి శిల బురద గట్టిపడినది గావున పలుకులు కనబడవు. నల్లని మెత్తని ముద్దవలె నొకే తీరుగా నుండును. మన చిత్తూరు జిల్లాలో గనులు త్రవ్వి యెత్తు నల్ల గ్రానైటును గుండ్రముగా చెక్కి మెఱుగుపెట్టినచో దూరమునుండి సాలగ్రామమువలె కనబడును గాని, భూతద్దములో తెల్లని సన్నని పలుకులు ఒకదానితో నొకటి పెనవేసికొని కనబడును. కరగిన ద్రవము చల్లారి ఏర్పడిన ఱాయి యది. అట్టి ఱాతిలో గుల్ల యుండుట కలలోని మాట.

తరువాత చక్రమును చూడవలెను. ఇందు పరీక్షకు మూలమైన మాట యొకటియే: నిజమైన చక్రము పెరిగినది, నకిలీ చక్రము గీయబడినది. జీవి పెరిగినకొలది గుల్ల వెడల్పగును. కావున నడుమనుండి వెలుపలికి వచ్చుకొలది చుట్టునకు చుట్టునకు ఎడము క్రమముగా హెచ్చును. ఒక చుట్టు మఱియొకదానిమీద కొంత ఎక్కి కూర్చుండును. చెక్కువాడు తఱచుగా తాడు చుట్టినట్లు సమానమైన ఎడముతో చుట్టును, లేదా బండిచక్రమువలె నడుమనుండి ఆకులు గీయును. నిజమైన గుల్లమీది పక్కటెముకలవంటి గీరలు అట్లుండవు. గండకి అమ్మోనైటులలో పెక్కింటికి గీర నడుమవైపున ఒంటిగా బయలుదేరి, వెలుపలి అంచు చేరులోపల రెండుగానో మూడుగానో చీలును. చెట్టుకొమ్మ చీలినట్లుండును. ఆ చీలిన గీర గుల్ల వీపుమీదుగా దాటి ఆవలి ప్రక్కకు పోవును. కూలి కొఱకు తొందరగా చెక్కువాడు ఇంత శ్రమపడడు. వాని గీర అంచుదాక వచ్చి తెగిపోవును. దాని అడుగున ఉలి జాడయో, రాపిడిచక్రపు గీతలో, తెల్లని పిండియో కనబడును.

గుల్ల లోపలి గదులు శిలగా నిండి, పైపెంకు రాలిపోయిన చోట్ల, గదిగోడ పెంకును తాకిన గుఱుతు ఆకు అంచువలె వంకరటింకరగా, జరీ అల్లికవలె కనబడును. అన్నింటను ఇది కనబడదు. కనబడినచో నిక సందేహము వలదు. దానిని చెక్కగల ఓపిక గలవాడు ఇంత చవుకగా అమ్ముకొనడు.

పైకి చక్రమే లేక, ఒక రంధ్రము మాత్రముండు సాలగ్రామములు కలవు. వీనినే జనులు తక్కువగా చూతురు. చిన్న దీపమును రంధ్రమువైపు పట్టి లోనికి చూడుడు. అందు గుల్ల కరగిపోయి దాని ముద్ర మిగిలియుండును. గీరలు ఉబ్బెత్తుగా గాక పల్లముగా, అచ్చులోపలివలె కనబడును. లోపలి బోలుగోడలమీద ఇట్టి పని చేయుట చెక్కువానికి మిక్కిలి కష్టము. వాడు చేయగలిగినది రంధ్రమును వెడల్పు చేయుట. అప్పుడు అంచు పదునుగా, గుండ్రముగా, బరమాతో తొలిచినట్లుండును. నీటిలో నూఱ్లయేండ్లు దొర్లిన రంధ్రపుటంచు మొద్దుబాఱి యుండును.

అచ్చుపోసినవానిని పట్టుట యింతకన్న సులభము. చుట్టును సన్నని అతుకుగీత యుండును. దానిని రాచి మాపినను ఎక్కడనో యొకచోట మిగులును. గాలిబుడగలు పగిలిన చిన్న గుండ్రని గుంటలుండును. అన్నింటికన్న మంచి యుపాయము, అమ్మువానిని అదే పేరుగల సాలగ్రామము ఇంకొకటి చూపుమనుట. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి గీరలు లెక్కపెట్టుడు. ఒకే లెక్క, ఒకే వంపు, ఒకే చోట పగులు గలవి రెండు దొరకినచో రెండును ఒకే యచ్చు బిడ్డలు. ప్రకృతిలో కవలలు కలరు గాని, పగులుతోసహ కవలలు లేరు.

ఈ పరీక్ష తెలియక పోగొట్టుకొన్న యిల్లొకటి నే నెఱుగుదును. ఇరాల వైపు పల్లె. ఇంటిపెద్ద కాలము చేయగా, కొడుకులు ఆస్తి పంచుకొనిరి. దేవతార్చనపు పెట్టె పెద్దవాని భాగమునకు వచ్చినది. అందొక సాలగ్రామము, నాలుగు తరములనాటిది. పైకి చక్రము లేదు, ఒక రంధ్రమున్నది, దానినుండి తెల్లని పొడి రాలుచున్నది. ఊరూర తిరుగు వర్తకు డొకడు దానిని చూచి, ఇది దోషము పట్టిన ఱాయి, దీనివలననే మీ యింట పెద్దదిక్కు పోయినదని చెప్పెను. పాతదానిని తాను తీసికొని, పైకము కూడ తీసికొని, నాలుగు చక్రములు ధగధగలాడుచున్న క్రొత్తదాని నిచ్చి పోయెను. కొంతకాలమునకు ఆ యింటి కోడలు ఒక తిరునాళ్లలో సరిగా తమ యింటి సాలగ్రామమువంటిదే మఱియొకటి చూచి, మనసు చెదరి, నాకు చూపినది. ఇంట నున్నదాని చక్రమున నడిమి గీర ఒకచోట తెగియుండెను; తిరునాళ్లలోని దానికిని అచ్చటనే తెగియున్నదని ఆమెయే గుర్తుపట్టెను. నేను తూచి చూడగా అది సిమెంటుముద్ద యని తేలినది. పోయిన సాలగ్రామము మాత్రము మరల రాలేదు.

తూచుట యనగా వట్టి బరువు చూచుట కాదు. ఇది ఇంటనే చేయదగిన పరీక్ష. శిలకు హాని లేదు, నిత్యము అభిషేకము పొందు శిలకు నీరు క్రొత్తయు కాదు. ఇప్పుడు మిఠాయి అంగళ్లలో సైతము గ్రాములు చూపు విద్యుత్తు త్రాసులున్నవి. మొదట పొడిగా నున్న శిలను తూచి బరువు వ్రాసికొనవలెను. పిమ్మట త్రాసుమీద నీటిగిన్నె నుంచి, అంకెను సున్నకు త్రిప్పి, శిలను సన్నని దారమున కట్టి, నీటిలో పూర్తిగా మునుగునట్లును, గిన్నె అడుగును అంచును తాకకుండునట్లును వ్రేలాడదీయవలెను. రంధ్రమున్నచో బుడగలు వచ్చుట మానువఱకు ఆగవలెను. అప్పుడు త్రాసు చూపు అంకెతో మొదటి బరువును భాగింపుడు. 270 గ్రాముల శిల నీటిలో వ్రేలాడినప్పుడు త్రాసు 100 చూపెనేని ఫలము 2.7. గండకి శిలలు సామాన్యముగా రెండున్నరకు పైన, మూటికి లోపల నుండును. లోపల పసిడివన్నె ఖనిజము మెండుగా నున్నచో మూటిని దాటవచ్చును. సిమెంటుముద్ద రెంటికి అటునిటుగా నుండును. ప్లాస్టిక్కు జాతి జిగురుతో పోసినది ఒకటికి కొంచెము పైన. ఱాతిపొడి కలిపినచో ఒకటిన్నర, అంతకు పైనను పోవచ్చును. అయితే నల్ల గ్రానైటు చెక్కినదియు మూటి దగ్గఱనే నిలుచును. కావున ఈ లెక్క పోతపోసినవానినే పట్టియిచ్చును. చెక్కినవానిని కన్నే పట్టవలెను.

బంగారుగీతల మాట. కొన్ని సాలగ్రామములలో గుల్ల స్థానమున ఇనుమును గంధకమును కలిసిన ఖనిజము చేరి పసిడివలె మెఱయును. ఇది నిజమైన లక్షణమే, బంగారము మాత్రము కాదు. నకిలీలో ఈ మెఱపు రంగుపూతయై యుండును. దూదికి కొంచెము స్పిరిటు అద్ది రుద్దినచో పూత దూదికంటును, ఖనిజము అంటదు. భూతద్దములో ఖనిజము చిన్నచిన్న పలకలుగా తళుక్కుమనును, పూత సాపుగా అలికినట్లుండును.

లోకములో వాడుకలోనున్న పరీక్షలు మఱికొన్ని కలవు. బియ్యములో నుంచినచో తెల్లవాఱుసరికి బియ్యము పెరుగుననియు, పాలలో నుంచినచో బరువు హెచ్చుననియు చెప్పుదురు. భక్తితో చేయువారిని నేను కాదనను. కాని రాత్రి తేమకు బియ్యపు తూకము మాఱును, రంధ్రములలో పాలు చేరి ఏ ఱాయియైనను బరువెక్కును. వీనివలన అసలు తెలియదు. బంగారముతో గీసినచో గీత పడవలెనని కొందఱు. గండకి శిల నలుపును గట్టిదనమును గలది గావున గీటుఱాయిగా పనికివచ్చును, నిజమే. కాని కంసాలి గీటుఱాయి మీదను గీత పడును, అది సాలగ్రామము కాదు గదా. నిమ్మరసము చుక్క వేసి పొంగునా యని చూచువారు మఱి కొందఱు. సున్నము గల సాలగ్రామమును పొంగును, సిమెంటును పొంగును. ఫలము లేదు సరికదా, పులుపు శిలను తినివేయును. కాల్చిన సూదిని గ్రుచ్చుట ప్లాస్టిక్కును పట్టించును గాని, పూజలోనున్న శిలమీద అది చేయదగిన పని కాదు.

అమ్మువాడు ప్రమాణము చేయుదు ననును. ఇది కాణిపాకపు సీమ గనుక ఈ మాటకు బరువెక్కువ. కోనేట మునిగి వరసిద్ధి వినాయకుని యెదుట నిలిచి కల్లలాడుటకు ఈ సీమలో ఎంతటి వాడైనను వెఱచును. ఎన్నో తగవులు అచ్చట తీఱినవి. అన్న తోటలో చెప్పకుండ తిన్న పండునకు దండనగా చేతులు పోగొట్టుకొన్న లిఖితునకు మరల బాహువుల నిచ్చినందుననే యేటికి బాహుద యను పేరు వచ్చినదని చెప్పుకొను చోటు గదా. అయినను ఆలోచింపుడు. ప్రమాణము మనుష్యుని మనస్సులో నున్నదానికి సాక్ష్యము. బల్లమీద అమ్మువాడు ఎవనియొద్దనో టోకున కొన్నవాడు. అసలుదని నమ్మియే యుండవచ్చును. వాని ప్రమాణము సత్యమై, వాని సరకు నకిలీ కావచ్చును. మనుష్యుని ప్రమాణము అడుగుటకన్న, ఱాతిని పగటివెలుతురులోనికి తీసికొనిపోయి చూచుటకు ఒప్పుకొనునేమో యడుగుడు. ఒప్పుకొననివాని యొద్ద కొనవలదు.

ఇంట నున్న పాత సాలగ్రామములను గూర్చి ఒక మాట. పసిడివన్నె ఖనిజము గల శిలకు తేమ గిట్టదు. చాలయేండ్లు తడిగానే భరిణెలో మూసియుంచినచో గాలియు నీరును తగిలి ఆ ఖనిజము చివికి, తెల్లని లేదా పసుపుపచ్చని పొడి రాలును. గంధకపు వాసనయు వచ్చును. ఇరాల వైపు ఇంటిలో వర్తకుడు దోషమని చెప్పినది ఇట్టి పొడినే యని నా తలంపు. అది అసలు శిలకే వచ్చు జబ్బు, సిమెంటుముద్దకు రాదు. అభిషేకమైన వెంటనే మెత్తని బట్టతో తుడిచి, నీడన గాలికి ఆరనిచ్చి, పిమ్మట భరిణెలో నుంచవలెను. పెరుగులోను పంచామృతములోను రాత్రియంతయు నాననిడుట మంచిది కాదు. తాకించి కడిగినచో పూజకు లోపము లేదని పెద్దలైన పురోహితులు చెప్పగా వింటిని.

పరీక్షలో ఇంటి సాలగ్రామము చెక్కినదని తేలినచో ఏమి చేయవలెనని యడుగుదురు. తరతరములుగా తులసి సమర్పించిన శిలను ఏమి చేయవలెనో మీ గురువులు చెప్పవలెను, నేను చెప్పరాదు. దానిని అసలుదని మఱియొకరికి అమ్ముట మాత్రము కూడదు.

అసలుదని తేలినవారు ఇంకొక పని చేయవలెను. ఒక చిన్న చీటిమీద, ఇది యెవరివలన ఎప్పుడు ఇంటికి వచ్చినదో తెలిసినంత వ్రాసి, పొడిబరువు, నీటిలో త్రాసు చూపిన అంకె, కనబడు గీరల లెక్క, రంధ్ర మెచ్చటనున్నదో వ్రాసి, తేదీ వేసి, రెండు ప్రక్కల ఛాయాచిత్రములతో కూడ పెట్టెయందే యుంచుడు. రేపు మీ మనుమని వాకిటికి వర్తకుడు వచ్చినప్పుడు, వాడు చూపినది తమదో కాదో ఆ చీటి చూచి చెప్పగలుగును. ఒక త్రాసు, ఒక దారము, ఒక భూతద్దము ఉన్నచో అరగంట పని.